పాతిక పలకలు, ఒక్క టీచరు

మొదటి వక్త: మూడేళ్ల బిడ్డకు ఆరు నెలలంటే అప్పటిదాకా గడిపిన జీవితంలో ఆరో వంతు, నలభై ఏళ్ల మనిషికి అదే ఆరో వంతు దాదాపు ఏడేళ్లవుతుంది. ఈ లెక్క ఒక్కటి మనసులో ఉంచుకుంటే, మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒకే పాట, ఒకే అక్షరం, ఒకే వేగం అనడం ఎంత అసహజమో తెలుస్తుంది. వ్యక్తిగత అభ్యసన అవసరం అన్న మాటకు అర్థం కష్టమైనది కాదు: వయసు, భాష, శరీరం, ఇల్లు అనే నాలుగింటిలో బిడ్డకూ బిడ్డకూ ఉన్న తేడా వల్ల, నేర్చుకోవడానికి ఒక్కొక్కరికి కావలసిన ఊతం వేరుగా ఉంటుందని చెప్పడమే. కొల్లేటి లంకలో చేపల చెరువుల మధ్య పెరిగే నాలుగేళ్ల పిల్లవాడు, తట్టలో కలగలిసిన చేపల్లో తల పెద్దదై నోరు పైకి తిరిగిన దాన్ని బొచ్చె అనీ, తల సన్ననై నోరు కాస్త కిందికి ఉన్న దాన్ని శీలావతి అనీ తడుముకోకుండా వేరుచేయగలిగి ఉండీ, పలక మీద ‘ప’కూ, దాని పొట్టలో ఒక్క చిన్న గీత చేరితే వచ్చే ‘ష’కూ తేడా కనిపెట్టలేకపోవచ్చు. ఆ బిడ్డకు చూపు సూక్ష్మంగానే ఉంది, పోల్చే బుద్ధీ ఉంది. లేనిది, చేపల దగ్గర నేర్చిన ఆ పోలికను పలక దగ్గరికి చేయిపట్టి తీసుకొచ్చే మనిషి. అందరికీ కలిపి చెప్పే పాఠంలో ఆ మనిషి దొరకదు.

రెండవ వక్త: పిల్లలు ఒకరిలాగా ఒకరు ఉండరన్న మాటను కాదనే తల్లి గాని, టీచరు గాని ఎక్కడా ఉండరు కనుక వాదం అక్కడ లేదు. ఆ తేడాల బరువు ఎవరి భుజం మీద పెడుతున్నారన్నదే ప్రశ్న. లంకలోనైనా, తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టుకు దగ్గరి కూలి పేటలోనైనా, అంగన్‌వాడీ అంటే ఒక టీచరు, ఒక ఆయా, ఒక గది, ఇరవై నుంచి ముప్పై మంది పిల్లలు. ఆ టీచరు బరువు తూచాలి, ఎత్తు కొలవాలి, గర్భిణులకూ బాలింతలకూ సరుకులు ఇవ్వాలి, టీకాల రోజున ఆశా కార్యకర్తతో కలిసి ఇంటింటికీ వెళ్లాలి, 2021 నుంచి వచ్చిన పోషణ్ ట్రాకర్ అనే యాప్‌లో వీటన్నిటినీ నమోదు చేయాలి. ఇంత పనికి 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించిన గౌరవ వేతనం నెలకు 11,500 రూపాయలు. దాన్ని పెంచమని కోరుతూ 2023 డిసెంబరులో మొదలైన సమ్మె 42 రోజులు సాగింది. కేంద్ర ప్రభుత్వం 2023లో ప్రారంభించిన ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమం రోజుకు కనీసం రెండు గంటలు చదువుకు కేటాయించమంటున్నది. ఆ రెండు గంటలూ ఏ అడ్డూ లేకుండా దక్కాయనే అనుకుని, 120 నిమిషాలను పాతిక మందికి పంచితే ఒక్కొక్కరి వంతుకు ఐదు నిమిషాలు కూడా రావు. ఒక బిడ్డ దగ్గర ఆ ఐదు నిమిషాలు కూర్చున్నప్పుడు తక్కిన ఇరవై నలుగురూ ఏం చేస్తారో చెప్పని సిద్ధాంతం, ఎంత మంచి మనసుతో పుట్టినా, గది వెలుపలే ఆగిపోతుంది.

మొదటి వక్త: ఆ భాగహారంలోనే పొరపాటు ఉన్నది. శ్రద్ధను బియ్యంలాగా, గుడ్లలాగా తలా ఇంత అని పంచేదిగా భావిస్తే అది ఎప్పటికీ చాలదు. తెలుగు నేల మీదే, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీలో 1980ల చివరి నుంచి రూపుదిద్దుకున్న ఒక పద్ధతి ఈ చిక్కుకు సమాధానం వెతికింది. చుట్టుపక్కల పల్లెల్లోని ఏకోపాధ్యాయ బడుల కోసం అక్కడివారు పాఠ్యపుస్తకాన్ని చిన్న చిన్న కార్డులుగా విడదీసి, ఆ కార్డులన్నిటినీ ఒక నిచ్చెన పటం మీద మెట్లుగా అమర్చారు. ప్రతి బిడ్డ తానున్న మెట్టును పటంలో తానే గుర్తుపట్టి, ఆ మెట్టుకు చెందిన కార్డు తీసుకుని, కొన్నిటిని టీచరుతోనూ కొన్నిటిని తోటి పిల్లలతోనూ కొన్నిటిని తనంతట తానుగానూ పూర్తిచేసి, తర్వాతి మెట్టుకు పోవడం ఆ పద్ధతి. జ్వరమొచ్చి పది రోజులు రాని బిడ్డ తిరిగి వచ్చాక తాను వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది గాని, తాను లేనప్పుడు జరిగిపోయిన పాఠం వెంట పరుగెత్తదు. కర్ణాటకలో 1995 ప్రాంతంలో మైసూరు జిల్లాలో మొదలైన ‘నలి కలి’కీ, ఆ తర్వాత చెన్నై నగరపాలక సంస్థ బడుల్లో ప్రవేశించిన కృత్యాధార బోధనకూ మూలం ఇదే. ఒక్క మనిషి పాతిక మందిలో ప్రతి ఒక్కరినీ విడిగా ఎలా చూడగలదన్న ప్రశ్నకు ఇది గాలిలో మేడ కాదు, వేల బడుల్లో నడిచిన జవాబు.

రెండవ వక్త: నడిచిన తీరు కూడా చెప్పుకోవాలి. ఆ నిచ్చెనను కనిపెట్టినవారి చేతుల్లో అది ప్రాణమున్న పనిముట్టు. పిల్లల ఊరి పాటలు, ఊరి కథలు, తోలుబొమ్మలు దాని చుట్టూ ఉండేవి. అదే పద్ధతి ప్రభుత్వ ఉత్తర్వుగా మారి వేల బడులకు చేరినప్పుడు చాలాచోట్ల మిగిలేది కార్డుల పెట్టె ఒక్కటే. పోయిన కార్డు స్థానంలో కొత్తది రాదు; కొల్లేటి తేమకు అట్ట ఉబ్బి పొరలు విడిపోతుంది; టీచరు పిల్లలను చూడడం మాని, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో రాసుకునే గుమాస్తా అవుతుంది. ఇంకొక ముఖ్యమైన సంగతి ఉన్నది: ఆ నిచ్చెన ప్రాథమిక బడి కోసం చేసినది. మూడేళ్ల బిడ్డకు మెట్లు లేవు. ఆ వయసులో నేర్చుకునే వాటిలో పెద్దది మాట. మాట పుట్టేది నలుగురి మధ్య, కథ విని అందరూ ఒకేసారి నవ్వినప్పుడు, ఒకరి వంతు అయ్యేదాకా మరొకరు ఆగవలసి వచ్చినప్పుడు. ఆ గుంపు సుఖాన్ని పక్కనపెట్టి ఎవరి చాప మీద వారిని కూర్చోబెట్టడానికి అంత తొందరపడితే, ఇంట్లో పుస్తకమన్నది లేని పిల్లలకు దక్కే ఏకైక సంపద చేజారుతుంది.

శిశువిద్యకు బలమైన సాక్ష్యంగా లోకమంతా చూపే ఉదాహరణనే తీసుకుంటే, అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఇప్సిలాంటిలో 1962 నుంచి 1967 వరకు జరిగిన పెర్రీ ప్రీస్కూలు ప్రయోగంలో చదివిన పిల్లలు 58 మంది. దాదాపు ఆరుగురికి ఒక టీచరు ఉండేవారు, ఆ టీచరు వారానికోసారి బిడ్డ ఇంటికి వెళ్లేవారు. ఆ పిల్లలు పెద్దయ్యాక కనిపించిన మేలును చూపి శిశువిద్యకు డబ్బు అడగడం న్యాయమే. ఆరుగురికి ఒకరు చేసిన పనిని పాతిక మందికి ఒకరు చేయాలనడం మాత్రం న్యాయం కాదు.

మొదటి వక్త: ఆ చివరి మాటను ఒప్పుకోవలసిందే. మరొకటి కూడా ఒప్పుకోవలసి ఉన్నది: కొందరు పిల్లలు కంటితో నేర్చుకుంటారు, కొందరు చెవితో, కొందరు చేతితో అంటూ శిక్షణ తరగతుల్లో చెప్పే వర్గీకరణకు పరిశోధనలో ఆధారం దొరకలేదు, ఏ బిడ్డకు ఏ శైలి అని ముద్రవేసి ఆ శైలిలోనే బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారన్నది రుజువు కాలేదు. వ్యక్తిగత అవసరాల పక్షం వహించేవారు ఆ బరువును దించుకోవడమే మంచిది. అయితే గుంపు సుఖం గురించి చెప్పిన దానిలో ఒక చీకటి కోణం ఉన్నది. వానాకాలమంతా జలుబు వదలక, చెవిలోంచి చీము కారే బిడ్డను ఊహించాలి. మధ్య చెవిలో నీరు చేరితే వినికిడి పూర్తిగా పోదు, మసకబారుతుంది. ఒకరోజు బాగుంటుంది, మరొకరోజు ఉండదు. ఆ బిడ్డ గదిలో పాట మొదలవగానే తక్కిన వారి పెదవులను చూస్తూ తానూ పెదవులు కదిలిస్తుంది, చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యంగా కొడుతుంది, అందరూ లేచాక లేస్తుంది. దూరం నుంచి చూసే సూపర్‌వైజరుకు అది పాల్గొంటున్న బిడ్డగానే కనిపిస్తుంది. వినపడని బిడ్డ దాక్కోవడానికి బృందగానాన్ని మించిన చోటు లేదు. టీచరు ఒక్కసారి వెనక నిలబడి, పెదవులు కనబడకుండా, మెల్లగా పేరు పెట్టి పిలిస్తే నిజం బయటపడుతుంది. దానికి పట్టేది ఒక్క నిమిషం. ఏడాది గడిచాక ఆ బిడ్డను మొద్దు అనడం మొదలవుతుంది, ఆ తర్వాత ఆ పేరే మిగులుతుంది.

ఇలాంటి వాటి కోసమే 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషకాల కొరత, ఎదుగుదలలో జాప్యం అనే నాలుగింటి కోసం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లలను పరీక్షించడం, అవసరమైన వారిని జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపడం దాని పని. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచి, అంతకుముందటి దివ్యాంగుల చట్టానికి కనబడని ఆటిజాన్నీ, చదవడంలో రాయడంలో ఉండే నిర్దిష్ట అభ్యసన వైకల్యాన్నీ అందులో చేర్చింది. చట్టానికి కనబడినది గదిలో కనబడాలంటే, ఆ గదిలో ఒక్కొక్క బిడ్డను విడిగా చూసే కన్ను ఉండాలి.

రెండవ వక్త: చెవి సంగతిలో వాదించడానికి ఏమీ లేదు. ఆ పిలిచి చూడడం రేపే, ప్రతి కేంద్రంలోనూ జరగవలసినది. అయితే చెవి, కన్ను, రక్తహీనత వంటివి దాటాక ఒక మసక ప్రాంతం మొదలవుతుంది, ప్రమాదమంతా అక్కడే. బుట్టాయగూడెం మండలంలోని కోయ గూడెం నుంచి ఒక కుటుంబం చేపల చెరువు కాపలా పనికి కైకలూరు వైపు వచ్చి గట్టు మీద పాక వేసుకున్నదని అనుకుంటే, ఆ ఇంటి నాలుగేళ్ల బిడ్డ అంగన్‌వాడీలో నెల రోజులు నోరు విప్పకపోవచ్చు. తెలుగు అర్థం కాదు, రంగుల పాట అర్థం కాదు, ఉప్మా పెట్టినప్పుడు మాత్రం చేయి చాస్తుంది. విడివిడిగా చూడమని శిక్షణ పొంది, చేతిలో ఒక పట్టిక ఉన్న టీచరు ఆ బిడ్డ పేరుకు ఎదురుగా ‘మాట ఆలస్యం’ అని రాయడానికి ఎంతసేపు పడుతుంది? అది ఆ బిడ్డ లోపం కాదు, గది భాషలో ఉన్న లోపం. కానీ పట్టికలో గదికి గడి ఉండదు, బిడ్డకే ఉంటుంది.

ఆ రాతకు మరొక కొస కూడా ఉన్నది. ఈ రాష్ట్రంలో వైకల్యాన్ని శాతాల్లో లెక్కగట్టే సదరం ధ్రువపత్రంలో కనీసం 40 శాతం ఉంటే పింఛను వస్తుంది. 2024 జూలై నుంచి ఆ పింఛను నెలకు 6,000 రూపాయలు. దాన్ని కోరుకునే పేద తల్లిని తప్పుపట్టడం అమానుషం, ఆ డబ్బు ఆ ఇంటికి కావాలి. కానీ నాలుగేళ్లప్పుడు తొందరపడి అంటించిన పేరు ఇంటి బియ్యంతో ముడిపడ్డాక, ఆ బిడ్డ మారినా ఆ పేరు మారాలని ఎవరూ కోరుకోలేని స్థితి వస్తుంది. ‘వీడి అవసరం వేరు’ అన్న మాట ప్రేమతో మొదలై ‘వీడికి ఇంతకన్నా రాదు’ అన్న మాటగా ముగియడం బడుల చరిత్రలో కొత్త కాదు. లంకల పిల్లల విషయంలో, ఏజెన్సీ పిల్లల విషయంలో అది మరీ తేలిక.

మొదటి వక్త: ఆ కోయ బిడ్డ ఉదాహరణ సరిగ్గా ఇవతలి పక్షానికే సాక్ష్యం. పాతిక మందినీ ఒక్కటిగా చూసే గదిలో ఆ బిడ్డ మౌనం ఎవరి కంటా పడదు, లేదా మొండితనంగా లెక్కకు వస్తుంది; ఒక్కడినే పక్కన కూర్చోబెట్టుకుని, ఇంట్లో ఏ భాష మాట్లాడతారని తల్లిని అడిగిన టీచరుకే అది భాష సంగతి అని తెలుస్తుంది. తప్పు పట్టికదే గాని, విడిగా చూడడానిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో కోయ, సవర, కువి, కోలామి, లంబాడీ వంటి ఎనిమిది భాషల్లో పిల్లల ఇంటిభాషతో చదువు మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి నడిపించే కార్యక్రమం వచ్చింది. బిడ్డ ఏ భాషతో గడప దాటి వస్తుందో ముందు అడగాలన్న ఆలోచనే దాని పునాది. గిరిజన గూడెంలోని బడికి అది వర్తించింది, అదే బిడ్డ వలసవచ్చి చెరువు గట్టు మీదికి చేరితే ఏ కార్యక్రమమూ వెంట రాదు. కార్యక్రమం రానిచోట మిగిలేది టీచరు ఒక్కరే.

1975లో జరిగిన రెండు సంగతులను పక్కపక్కన పెడితే ఈ దేశం ఏ దారి పట్టిందో తెలుస్తుంది. ఆ ఏడాది అక్టోబరు 2న 33 బ్లాకుల్లో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది, అంగన్‌వాడీ అక్కడినుంచే వచ్చింది. దాదాపు ఎనిమిది వారాల తర్వాత, నవంబరు 29న, అమెరికాలో వైకల్యమున్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడిలో చదువు హక్కని చెప్పే చట్టం మీద సంతకం పడింది. ప్రతి బిడ్డకూ విడిగా ఒక రాతపూర్వక విద్యా ప్రణాళిక ఉండాలనీ, దాన్ని తయారుచేసేటప్పుడు తల్లిదండ్రులు కూర్చోవాలనీ ఆ చట్టం చెప్పింది. ఇక్కడ ముందుగా ఆకలిని చూశారు, అది సరైన పనే. కానీ యాభై ఏళ్ల తర్వాత కూడా, లంకలోని తల్లి తన బిడ్డ బరువు ఎంతో చెప్పించుకుంటున్నది గాని, తన బిడ్డ ఏం నేర్చుకుంటున్నదో, ఎక్కడ ఆగిందో చెప్పించుకోవడం లేదు.

రెండవ వక్త: తల్లి వచ్చి కూర్చోవడమన్నది గొప్ప మాట, అయితే రాతపూర్వక ప్రణాళిక అమెరికాలోనే డబ్బున్నచోట అస్త్రం, లేనిచోట కాగితాల కట్ట అయింది. ఇక్కడ మరొక సంగతి చూడవలసి ఉన్నది. వ్యక్తిగత శ్రద్ధ అన్న మాట ఏలూరులోనూ తాడేపల్లిగూడెంలోనూ ఇప్పటికే అమ్మకంలో ఉన్నది. ఏ వీధిలో చూసినా మాంటిస్సోరి అన్న పేరు బోర్డు మీద కనిపిస్తుంది. లోపల మూడేళ్ల బిడ్డకు నాలుగు గీతల పుస్తకంలో హోంవర్కు ఉంటుంది. రోము నగరంలో మేరియా మాంటిస్సోరి మొదట పనిచేసినది చదువు రాదని వదిలేసిన పిల్లలతో. వారి కోసం చేసిన వస్తువులనే, వారితో నేర్చిన పాఠాలనే ఆమె 1907లో పేద కార్మికుల పేటలో తెరిచిన ‘పిల్లల ఇంటి’కి తెచ్చారు. ఆ పద్ధతిని గౌరవంగా ఆచరించినవారు తెలుగునాట లేకపోలేదు. 1955లో విజయవాడలో ఆ పేరుతో బడి పెట్టిన వేగె కోటేశ్వరమ్మకు 2017లో పద్మశ్రీ దక్కింది. కానీ పేదపిల్లల కోసం పుట్టిన ఆలోచన ఫీజు కట్టగలిగిన వారి బోర్డు అయినప్పుడు, ‘ఒక్కొక్క బిడ్డ’ అన్న మాట వెనక ఎవరి బిడ్డ అన్న ప్రశ్న తప్పదు. పట్నంలో బిడ్డకు తగిన చదువు, లంకలో బిడ్డకు కోడిగుడ్డు అన్న విభజన స్థిరపడకూడదంటే, ఎవరినీ విడదీయకుండా అందరికీ అందేలా గదినే మార్చడం మేలు. కథను నోటితో చెప్పడమే కాక బొమ్మతో, వస్తువుతో, చేతి సైగతో చెబితే వినపడని బిడ్డకూ భాష రాని బిడ్డకూ ఒకేసారి అందుతుంది, ఎవరి పేరూ పట్టికకు ఎక్కదు. ఐదేళ్ల పిల్ల మూడేళ్ల వాడి చేయి పట్టి గింజలు లెక్కపెట్టిస్తే ఇద్దరూ నేర్చుకుంటారు. వయసులు కలిసి ఉండడం అంగన్‌వాడీకి లోటు కాదు, ఆస్తి. మాంటిస్సోరి గదిలోనూ వయసులు కలిసే ఉండేవన్నది మరవకూడదు.

మొదటి వక్త: ఇది ఇంతవరకు చెప్పిన వాటిలో అన్నిటికన్నా బలమైన వాదం, దానిలో చాలాభాగాన్ని స్వీకరించవచ్చు. గుమ్మం దగ్గర మెట్టు తీసి వాలుబాట వేస్తే చక్రాల కుర్చీకి మాత్రమే కాదు, బిడ్డను ఎత్తుకున్న తల్లికీ సుఖమే. కానీ అందరికీ సరిపడేలా చేసిన గది కూడా కొందరికి సరిపడదు, ఆ కొందరికి అక్కడ జరిగేది చూడాలి. చప్పట్లు మొదలవగానే చెవులు మూసుకుని కేకలు పెట్టే బిడ్డ ఉంటుంది. బొమ్మలు, సైగలు, పాట అన్నీ ఒకేసారి మీదికి వస్తే తక్కినవారికి విందు, ఆ బిడ్డకు దెబ్బ. ఆయా ఆ బిడ్డను ఎత్తుకుని వరండాలోకి తీసుకుపోతుంది. మంచి మనసుతోనే తీసుకుపోతుంది. మర్నాడు పాట మొదలవకముందే తీసుకుపోతుంది. పది రోజుల తర్వాత ఆ బిడ్డ చోటు వరండాయే అవుతుంది. అందరినీ కలిపి ఉంచిన గదికి అయిన ఖర్చు అంతా ఆ ఒక్క బిడ్డే చెల్లిస్తున్నదన్న మాట. 2023 నవంబరులో కేంద్రం దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీలకు ప్రత్యేక మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటి అసలు ఉద్దేశం గుర్తించడం, చేర్చుకోవడం, అవసరమైతే పైకి పంపడం. ఈ మూడింటిలో మొదటిది జరగకపోతే తక్కిన రెండూ లేవు.

రెండవ వక్త: పైకి పంపడమన్న రెండు మాటల్లో ఎంత దూరం ఉన్నదో లెక్కపెట్టాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సమగ్ర శిక్ష నడిపే భవిత కేంద్రం మండలానికి ఒకటి. జిల్లా కేంద్రం ఏలూరు. లంకలో ఉన్న తల్లికి అక్కడికి పోవడమంటే చెరువు పని ఒకరోజు పోవడం, ఆటో ఖర్చు, పెద్దబిడ్డను ఎవరికో అప్పగించడం. బుడమేరూ తమ్మిలేరూ పొంగి, ఏలూరు–కైకలూరు దారిలో ఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డెక్కితే అసలు పోవడమే లేదు. 1999లో కొల్లేరును ఐదో కాంటూరు వరకు అభయారణ్యమని ప్రకటించి, 2006లో చెరువుల గట్లు తెంచినప్పటి నుంచి, ఉన్న పని పోయి మరోచోట పని వెతుక్కునే కుటుంబాలకు ఒకే కేంద్రానికి ఏడాదంతా బిడ్డను పంపడమే కష్టమైనప్పుడు, వారానికి రెండుసార్లు మండల కేంద్రంలో శిక్షణ అన్నది రిజిస్టరులో రాయడానికి మాత్రమే బాగుంటుంది. పంపినట్టు రాసిన తర్వాత ఇక్కడివారికి బాధ్యత తీరినట్టే. తీవ్ర వైకల్యమున్న పిల్లలు ఇంటి దగ్గరే చదువుకోవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ కరుణతో చేసినదే. కానీ వీలు అన్నది చాలాసార్లు వాకిలి చూపించడానికి పనికొస్తుంది. వరండాలోకి తీసుకుపోయిన ఆయాను తప్పుపట్టేవారు, ఆ బిడ్డను మండల కేంద్రానికి తీసుకుపొమ్మనే కాగితం కూడా ఒక పెద్ద వరండాయేనని గ్రహించాలి.

మొదటి వక్త: అలాగైతే ఆ బిడ్డ ఆ గదిలోనే ఉండాలి, చప్పట్ల పాటే మారాలి. ఆ ఒక్క బిడ్డ కోసం తక్కిన ఇరవై నలుగురి పాట మార్చడానికి అవతలి పక్షం సిద్ధమేనా?

రెండవ వక్త: సిద్ధమే. మెల్లగా పాడే పాట పిల్లలకు చెడ్డది కాదు. కానీ ఆ బిడ్డ పేరు ముందు ఏ పదమూ రాయకుండా మార్చాలి.

మొదటి వక్త: పదం రాయకపోతే రెండో టీచరును అడగడానికి ఆధారం ఉండదు. ప్రభుత్వానికి వినబడేది అంకెలే. ఈ మండలంలో ఇంతమంది పిల్లలకు ప్రత్యేక సాయం కావాలని లెక్క చూపకపోతే భవిత కేంద్రపు ఉపాధ్యాయులు లంకకు రారు, వినికిడి యంత్రం రాదు. పేరు పెట్టడం వల్ల వచ్చే కీడు నిజమే, పేరు పెట్టకపోవడం వల్ల వచ్చే కీడు ఎవరికీ కనబడదు గనుక అది చిన్నదని అనుకోవడం పొరపాటు.

రెండవ వక్త: ఇక్కడ తేల్చుకోవలసినది ఒక్కటే మిగిలింది, అది కాలం. జూన్‌లో చేరిన నాలుగేళ్ల బిడ్డ దసరా నాటికి కేంద్రంలో ఒక్క మాటా మాట్లాడలేదు. ఏం చేయాలి?

మొదటి వక్త: దసరా దాకా ఆగడమే ఎక్కువ. మొదటి నెలలోనే వినికిడి చూడాలి, రెండో నెలలో పంపాలి. మెదడు ఎదుగుదలలో 85 శాతానికి పైగా ఆరేళ్ల లోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతున్నది. ఆ వయసులో పోయిన ఆరు నెలలు ఎంత వంతో మొదటే లెక్క వేసి చూపడమైంది.

రెండవ వక్త: ఆ 85 శాతం అన్న అంకె చెప్పేది పరిమాణం గురించి, తలుపు మూసుకుపోవడం గురించి కాదు, దాన్ని చూపి తల్లులను భయపెట్టడం వల్లనే మూడేళ్లకు హోంవర్కు వచ్చింది. వినికిడి పరీక్ష ఈ వారమే జరగాలి, దానిలో మాట తేడా లేదు. ఆ తర్వాత సంక్రాంతి దాకా ఆగాలి. ఆ మధ్యలో ఆ బిడ్డతో రోజూ మాట్లాడాలి, జవాబు రాకపోయినా మాట్లాడాలి, మాట్లాడే పిల్లల మధ్యలో కూర్చోబెట్టాలి. వీటన్నిటికన్నా ముందు ఇంట్లో మాట్లాడుతున్నదా, ఎవరితో, ఏ భాషలో అని తల్లిని అడగాలి.

మొదటి వక్త: తల్లిని అడగడం వరకు ఇద్దరిదీ ఒకే దారి. ఆ తల్లి తెల్లవారకముందే చెరువు పనికి పోతుంది, కేంద్రం తొమ్మిదికి తెరుస్తారు, ఆమె తిరిగి వచ్చేసరికి తాళం వేసి ఉంటుంది. ఆ బిడ్డను రోజూ కేంద్రానికి తెచ్చేది ఏడేళ్ల అక్క. ఆ ఇప్సిలాంటి టీచరుకు వారానికోసారి ఇంటికి వెళ్లడం జీతంలో భాగం. ఇక్కడి టీచరు దీపాలు పెట్టాక గట్టు మీద నడిచి ఆ పాక దగ్గరికి పోవాలి.

రెండవ వక్త: ఆ గంటను పని గంటగా లెక్కకట్టేదాకా అది కూడా ఆమె మీద వేసిన మరో బరువే.

మొదటి వక్త: లెక్కకట్టమని అడగడంలో అభ్యంతరం లేదు. కానీ అడిగిన జవాబు వచ్చేదాకా ఆ పాక దగ్గరికి ఎవరూ పోకుండా ఉండాలా? సంక్రాంతి దాకా ఆగవచ్చని చెబుతున్నది ఆ జవాబు వస్తుందన్న నమ్మకంతోనా?

రెండవ వక్త: కాదు. ఆ బిడ్డ అక్క వెంట వచ్చినప్పుడు, ఆమెనే అడగవచ్చన్న నమ్మకంతో. తమ్ముడు ఇంటి దగ్గర బాతుపిల్లలతో ఏమంటాడో ఏడేళ్ల పిల్లకు తెలుసు.